ఆయాసం ఉందా అని ఒక్క మాట అడగండి

సంపాదకులు గారికి,

నమస్కారం. పరీక్షల ముందు గుండెదడ, చేతుల వణుకు తగ్గడానికి రాసే మందుల్లో ప్రొప్రానలాల్ ఒకటి. ఉబ్బసం ఉన్నవాళ్లు దాన్ని వేసుకోకూడదు. ఈ సంగతి డాక్టర్లకు తెలుసు, ఫార్మసీ చదివినవాళ్లకు తెలుసు, మందుతో పాటు కంపెనీ ఇచ్చే కాగితంలోనూ రాసి ఉంటుంది. తెలియనిదల్లా ఆ మాత్ర మింగేవాళ్లకే. నేను ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఫార్మసిస్టుగా పనిచేసి రిటైరై గుంటూరులో ఉంటున్నాను. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ మందుల కిటికీ దగ్గర నోటితో చెప్పిన మాటే ఇప్పుడు మీ పత్రిక ద్వారా చెప్పాలని ఈ ఉత్తరం. కాస్త పెద్దదే అవుతుంది, మన్నించండి.

మా చెల్లెలి కూతురికి చిన్నప్పటి నుంచీ ఆయాసం. వాళ్ల ఇల్లు మిర్చి యార్డు పోయే దారిలో. ఎండుమిర్చి లారీలు బారులు తీరే నెలల్లో దానికి పిల్లికూతలు ఎక్కువవుతాయి. పొద్దునా రాత్రీ ఒక ఇన్‌హేలరు, అవసరం పడితే నీలం రంగు ఆస్థాలిన్ పంపు. ఏళ్లుగా అలా నెట్టుకొస్తోంది, బాగానే ఉంది. బీఈడీ అయ్యాక డీఎస్సీ కోచింగుకని అవనిగడ్డ వెళ్లి హాస్టల్లో చేరింది. అవనిగడ్డ గురించి మీ పాఠకులకు కొత్తగా చెప్పేదేముంది, నోటిఫికేషన్ వస్తుందన్న మాట వినబడితే చాలు రాష్ట్రం నలుమూలల నుంచీ పిల్లలు అక్కడికే చేరతారు. పరీక్ష దగ్గరపడేకొద్దీ దీనికి నిద్ర కరువైంది. పుస్తకం ముందు కూర్చుంటే గుండె దడదడ కొట్టుకోవడం, మాక్ టెస్టులో మౌస్ పట్టుకున్న చెయ్యి వణకడం. తోటి అమ్మాయి చెబితే ఒక క్లినిక్కుకు వెళ్లింది. డాక్టరు గారు చక్కగా మాట్లాడారట, ధైర్యం చెప్పారట. "ఇంకేమైనా మందులు వాడుతున్నావామ్మా?" అని కూడా అడిగారట. ఇది "ఏమీ లేవండి" అంది.

అమ్మాయి అబద్ధం ఆడలేదు. దాని లెక్కలో మందంటే నీళ్లతో మింగేది. పంపు మందు కాదు, పంపు పంపే. కిటికీ దగ్గర ఈ జవాబు నేను ఎంతమంది నోట విన్నానో. "ఏ మందులూ వాడట్లేదు మేడమ్" అంటూనే జేబులోంచి పంపు తీసి పీల్చినవాళ్లు ఉన్నారు. కంట్లో వేసుకునే చుక్కలు, ఇన్సులిన్, పంపు, ఒంటికి రాసుకునే ఆయింట్‌మెంటు, వీటిని మనవాళ్లు మందుల కింద జమ కట్టరు. కాబట్టి "మందులేమైనా వాడుతున్నారా" అనే ప్రశ్న చాలదు. "ఆయాసం ఉందా? పంపు పీలుస్తారా?" అని విడమరిచి అడగాలి. రోగి ఏం చెప్పలేదని తర్వాత అనుకోవడం వల్ల ఒరిగేదేమీ లేదు.

చీటీలో రాసినది రాత్రి అన్నం తిన్నాక ఒక మాత్ర. వేసుకున్న తొలిరాత్రి ఒళ్లు తెలియకుండా నిద్రపోయింది. గుండెదడ తగ్గిందని చెల్లెలికి ఫోన్ చేసి సంబరంగా చెప్పింది. ఆ తర్వాత తెల్లవారుజామున ఛాతీ బిగబట్టినట్టయి మెలకువ రావడం మొదలైంది. హాస్టలు గదిలో దుమ్మేమో అనుకుంది. ఒకరాత్రి మాత్రం లేచి కూర్చుని పంపు పీల్చినా, మళ్లీ పీల్చినా ఊపిరి అందలేదు. ఎప్పుడూ ఐదు నిమిషాల్లో తేలికపడే మనిషి మంచం పట్టె పట్టుకుని, భుజాలు పైకెత్తి, మాటకూ మాటకూ మధ్య ఆగి ఆగి గాలి లాక్కుంటోందని గదిలో పిల్లలు భయపడి ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్లారు. వేలికి పెట్టిన మిషన్‌లో ఆక్సిజన్ 89 చూపించింది.

అక్కడ డ్యూటీలో ఉన్న కుర్ర డాక్టరుకు చేతులెత్తి దండం పెట్టాలి. ఆక్సిజన్ పెట్టి, నెబ్యులైజర్ తగిలిస్తూనే ఆయన అడిగిన మొదటి మాట: "కొత్తగా ఏ మాత్ర మొదలుపెట్టారు? షీటు తెచ్చారా?" తోడు వెళ్లిన పిల్లలు షీటు తెచ్చారు. అదే ఫొటో తీసి నాకూ వాట్సాప్‌లో పంపారు. ఆ ఫొటోను వేళ్లతో లాగి పెద్దది చేసి చూశాను. బ్రాండు పేరు బొద్దు అక్షరాల్లో, రెండు రంగుల్లో ఉంది. దాని కింద మందుల పేర్లు చీమ తలకాయంత అక్షరాల్లో, అన్నీ ఇంగ్లిషులో. మాత్రలు ఒకటొకటే చింపుకుంటూ వచ్చింది కదా, చిరుగు సరిగ్గా ఆ అక్షరాల మీదుగా పోయింది. మొదటి వరుసలో క్లోనజెపామ్ పూర్తిగా కనబడుతోంది. రెండో వరుసలో 'ప్రొప్రా' వరకు ఉండి అక్కడ చిరిగిపోయింది. వెనక ఎర్ర గీత ఉంది, డాక్టరు చీటీ లేనిదే అమ్మరాదన్న వాక్యం ఉంది. ఉబ్బసం గురించి ఒక్క ముక్క లేదు. 'ప్రొప్రా' చూడగానే నాకు విషయం అర్థమైంది. అక్కడ డాక్టరుకూ అర్థమైంది.

ఇలా రెండు మందులు కలిపి చేసిన మాత్రలు మన మార్కెట్లో మామూలే. క్లోనజెపామ్‌తోనో, ఎటిజోలామ్‌తోనో, అల్ప్రాజోలంతోనో ప్రొప్రానలాల్ కలుపుతారు. మొదటిది మనసులో కంగారు తగ్గిస్తుంది, రెండోది ఒంట్లో దడ తగ్గిస్తుంది. చీటీ రాసేటప్పుడు బ్రాండు పేరే రాస్తారు. షాపులో బ్రాండు పేరే చదువుతారు. లోపల రెండో మందు ఉన్న సంగతి ఎవరి నోటా రాదు. వాడేవాళ్లు దాన్ని 'టెన్షన్ మాత్ర' అంటారు, అంతే.

అసలు జరిగేదేమిటో నాకు తెలిసినంతలో చెబుతాను. భయం వేసినప్పుడు మన ఒంట్లో అడ్రినలిన్ ఊరుతుంది. అది గుండె మీద బీటా-1 అనే గ్రాహకాలను, అంటే అలాంటి రసాయనాలు అతుక్కునే చోట్లను, తట్టి గుండెను వేగంగా కొట్టిస్తుంది, ఊపిరితిత్తుల్లో బీటా-2 అనే గ్రాహకాలను తట్టి గాలిగొట్టాలను వెడల్పు చేస్తుంది. ఆస్థాలిన్ పంపులో ఉండే సాల్బుటమాల్ పనిచేసేది ఈ రెండోచోటే. ప్రొప్రానలాల్‌కు ఆ తేడా లేదు, రెండు చోట్లా గ్రాహకాలను మూసేస్తుంది. గుండె నెమ్మదిస్తుంది, అదే సమయంలో ఉబ్బసం ఉన్న మనిషికి గాలిగొట్టాలు ముడుచుకుంటాయి. అంతకంటే ఘోరం ఏమిటంటే, ఆ బిగుతు వదిలించడానికి పంపు పీలిస్తే సాల్బుటమాల్ పట్టుకోవలసిన చోట ప్రొప్రానలాల్ ముందే కూర్చుని ఉంటుంది. ఆ క్షణంలో ఉబ్బసం మనిషి చేతిలో ఉన్న ఒకే ఒక్క ఆసరా ఆ పంపు, అదీ సరిగా పనిచేయదు. అలాంటప్పుడు వేరే దారిలో పనిచేసే ఇప్రాట్రోపియం అక్కరకొస్తుంది. మా అమ్మాయికి నెబ్యులైజర్‌లో అదీ కలిపి ఇచ్చారు, స్టెరాయిడ్ ఇంజెక్షన్ చేశారు. తెల్లారేసరికి మాట్లాడగలిగింది.

ప్రొప్రానలాల్ చెడ్డ మందని నేను అనడం లేదు. దాన్ని కనిపెట్టిన జేమ్స్ బ్లాక్‌కు 1988లో నోబెల్ బహుమతి వచ్చింది. గుండెజబ్బుల వైద్యాన్నే మార్చేసిన మందు అది. పార్శ్వపు నొప్పికి, చేతుల వణుకుకు, థైరాయిడ్ ఎక్కువైనప్పుడు వచ్చే దడకు ఈనాటికీ రాస్తున్నారు, బాగా పనిచేస్తుంది కూడా. ఉబ్బసం ఉన్నవాళ్లకే అది పనికిరాదు. అటెనలాల్, మెటోప్రొలాల్ లాంటివి ఎక్కువగా గుండె మీదే పనిచేస్తాయి కాబట్టి కొంత నయం, వాటినైనా ఆయాసం సంగతి తెలిసిన డాక్టరు చూసి ఇవ్వాల్సిందే. సందర్భం వచ్చింది కనుక ఇంకో మాట. కంటి నీటికాసులకు వేసే టిమొలాల్ చుక్కలు కూడా ఈ కుటుంబంలోవే. కంట్లో వేసిన చుక్క ముక్కులోకి దిగి, రక్తంలో కలిసి, ఊపిరితిత్తుల దాకా పోతుంది. చుక్కల మందు మొదలుపెట్టిన పెద్దవాళ్లకు ఉన్నట్టుండి ఆయాసం ఎక్కువైతే ఆ సీసా తీసుకుని కంటి డాక్టరు దగ్గరికి వెళ్లండి.

ఇక నన్ను ఇంకా ఎక్కువ కలవరపెట్టింది వేరే ఉంది. మా అమ్మాయి కాస్త కోలుకున్నాక పక్కన కూర్చుని మెల్లగా అడిగాను. ఆ మాత్ర మొదలుపెట్టక ముందు నుంచే, హాస్టల్లో చేరిన దగ్గర్నుంచీ, నీలం పంపు మామూలుకంటే చాలా ఎక్కువసార్లు పీలుస్తోంది. పొద్దునా రాత్రీ పీల్చవలసిన ఇన్‌హేలరు అయిపోతే, ఇంటికొచ్చినప్పుడు తెచ్చుకుందాంలే అని ఊరుకుంది. సాల్బుటమాల్ ఎక్కువైతే వచ్చేవి ఏమిటి? గుండెదడ, చేతుల వణుకు, నిలకడ లేకపోవడం. ఒంట్లో పొటాషియం తగ్గి కండరాలు నీరసపడటం కూడా ఉంటుంది. అంటే అమ్మాయి డాక్టరుకు చెప్పుకున్న దడ, వణుకుల్లో కొంత పరీక్ష భయం, కొంత ఆ పంపు చేసిన పని. ఉబ్బసం అదుపు తప్పి పంపు ఎక్కువైంది, పంపు ఎక్కువై దడ వచ్చింది, దడకు రాసిన మాత్ర ఉబ్బసాన్ని రేపింది. మొదట్లోనే "పంపు ఎన్నిసార్లు పీలుస్తున్నావు?" అని అడిగి ఉంటే కథ అక్కడే ఆగేది. ఉబ్బసం వైద్యానికి ప్రపంచమంతటా డాక్టర్లు చూసుకునే జీనా మార్గదర్శకాలు 2019 నుంచీ ఇదే చెబుతున్నాయి: నీలం పంపు ఒక్కదాన్నే నమ్ముకోవద్దు, స్టెరాయిడ్ ఉన్న ఇన్‌హేలరు తప్పకుండా ఉండాలి. ఆ స్టెరాయిడ్ ఇన్‌హేలర్‌ను మనవాళ్లు అలవాటైపోతుందన్న భయంతో మానేస్తారు, నీలం పంపును మాత్రం గుప్పెట్లోంచి వదలరు. జరగాల్సింది తలకిందులైంది.

మా ఉద్యోగం రోజుల్లో పల్లెల నుంచి వచ్చే ఆయాసం రోగుల్లో ఎక్కువమంది ఆర్‌ఎంపీ దగ్గర డెక్సా, డెరిఫిలిన్ ఇంజెక్షన్లు వేయించుకుని, అవి పనిచేయకపోతే మా దగ్గరికి వచ్చేవాళ్లు. డెరిఫిలిన్ మాత్రలు ఇప్పటికీ చాలా ఇళ్లల్లో పోపుడబ్బా పక్కనే ఉంటాయి. అందులో ఉండే థియోఫిలిన్ చాలా పాత మందు, చవకైన మందు. అయితే మేలుకూ కీడుకూ మధ్య దానికి ఉన్న ఎడం బాగా తక్కువ. రక్తంలో మిల్లీలీటరుకు 10 నుంచి 20 మైక్రోగ్రాముల మధ్య ఉండాలని మేం చదువుకున్నాం. అది దాటితే వాంతులు, విపరీతమైన దడ, నిద్రలేమి, మరీ ఎక్కువైతే గుండె లయ తప్పడం, ఫిట్స్. కాఫీలో ఉండే కెఫీన్, ఇదీ ఒకే జాతి. రాత్రంతా కాఫీలు తాగుతూ చదివే పిల్ల డెరిఫిలిన్ కూడా వేసుకుంటే దడ రాకుండా ఎలా ఉంటుంది?

ఈ థియోఫిలిన్‌కూ ఆందోళన మందులకూ ఉన్న పేచీ రెండు రకాలు. డయాజెపామ్, అల్ప్రాజోలం లాంటివి నిద్ర పుట్టిస్తాయి. థియోఫిలిన్ మెదడును మేల్కొలిపి వాటి మత్తును కొంత విరిచేస్తుంది. మాత్ర పనిచేయడం లేదని మనిషి ఇంకో సగం వేసుకుంటాడు. ఒకరోజు డెరిఫిలిన్ అయిపోతుంది, లేదా డాక్టరు ఆపేస్తాడు. అప్పుడు అంత మోతాదు నిద్రమందూ అడ్డు లేకుండా ఒక్కసారిగా మీదపడుతుంది, మత్తు ముంచేస్తుంది, ఊపిరి మందగిస్తుంది. రెండోది ఫ్లువాక్సమిన్ అనే మందుతో. చేసిన పనే మళ్లీ మళ్లీ చేయించే ఓసీడీ జబ్బుకు, ఆందోళనకు మానసిక వైద్యులు రాస్తారు. థియోఫిలిన్‌ను ఒంట్లోంచి వదిలించే పని కాలేయంలో ఒక ఎంజైముది. ఫ్లువాక్సమిన్ ఆ ఎంజైమును గట్టిగా అడ్డుకుంటుంది. థియోఫిలిన్ బయటికి పోయే వేగం ఇంచుమించు మూడో వంతుకు పడిపోతుంది. రెండూ కలిపి వాడక తప్పకపోతే థియోఫిలిన్ మోతాదు మూడో వంతుకు తగ్గించి, రక్తపరీక్ష చేయాలని ఆ మందు సమాచార పత్రంలోనే ఉంటుంది. జ్వరానికో, మూత్రంలో మంటకో షాపులో చీటీ లేకుండా కొనే సిప్రోఫ్లాక్సాసిన్ కూడా ఈ ఎంజైమునే అడ్డుకుంటుంది.

దీనికి బీడీతో ఉన్న లంకె చాలామందికి తెలియదు. బీడీ, సిగరెట్ పొగ అదే ఎంజైమును ఉరకలెత్తిస్తుంది. పొగ తాగేవాళ్ల ఒంట్లోంచి థియోఫిలిన్ తొందరగా పోతుంది కాబట్టి వాళ్లకు మోతాదు ఎక్కువ పెడతారు. మిర్చి యార్డులో బస్తాలు మోసే ఒక పెద్దాయన నాకు బాగా గుర్తు. ముక్కుకు తువ్వాలు కట్టుకునే వచ్చేవాడు, తువ్వాలు విప్పితే ఘాటుకు మాకూ దగ్గొచ్చేది. మనవరాలు పుట్టిందని బీడీ మానేశాడు. ఎంత మంచి పని! కొద్దిరోజులకే వాంతులు, నిద్ర లేదు, గుండె ఎగిరిపడుతోంది, ఒంట్లో ఏదో అయిపోతోందన్న భయం. బీడీ మానేసినందుకు నరాలు గోల పెడుతున్నాయని ఎవరో నిద్రమాత్ర ఇచ్చారు. మా ఆసుపత్రి డాక్టరమ్మ ఆ మాత్రను పక్కన పెట్టించి డెరిఫిలిన్ తగ్గించారు. అంతటితో తేలికపడ్డాడు. బీడీ మళ్లీ ముట్టలేదు.

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైనది చెప్పాలి. ఆయాసం ఎగదన్నుకొస్తున్నప్పుడు ఏ మనిషైనా కంగారు పడతాడు. కూర్చోలేడు, పడుకోలేడు, కిటికీ తెరవమంటాడు, ఫ్యాను కిందికి వస్తాడు, పక్కవాళ్ల మీద విసుక్కుంటాడు. ఆక్సిజన్ అందక మెదడు పడే అవస్థ అది. చూసేవాళ్లకు మాత్రం టెన్షన్ పడుతున్నట్టు కనబడుతుంది. "ఒక నిద్రమాత్ర వేస్తే కాస్త కునుకు పడుతుంది, ఆయాసం అదే తగ్గుతుంది" అని ఇంట్లో పెద్దవాళ్లు తమ డబ్బాలోంచి అల్ప్రాజోలం సగం ముక్క తీసి ఇస్తారు. ప్రేమతోనే ఇస్తారు. ఆ సగం ముక్కే ప్రాణాంతకం కావచ్చు. ఇరుకైన గొట్టాల్లోంచి గాలి లాగడానికి ఆ మనిషి ఛాతీ కండరాలన్నీ కూడదీసుకుని కొట్లాడుతున్నాడు. నిద్రమందు ఊపిరి తీయమని మెదడు ఇచ్చే ఆజ్ఞనే మందగింపజేస్తుంది. ఉబ్బసం ఉధృతంగా ఉన్నప్పుడు మత్తు, నిద్రమందులు ఎట్టి పరిస్థితిలోనూ ఇవ్వొద్దని నేను పైన చెప్పిన జీనా మార్గదర్శకాలే గట్టిగా చెబుతున్నాయి. తప్పించగలిగిన ఉబ్బసం మరణాలకూ ఈ మందులకూ సంబంధం కనబడిందని అందులో ఉంది. గిజగిజలాడుతున్న ఆయాసం మనిషి ఉన్నట్టుండి నిమ్మళించి, మగతగా తల వాల్చేస్తుంటే కునుకు పట్టిందని సంతోషించకండి, 108కి ఫోన్ చేయండి.

కొడీన్ ఉన్న దగ్గు సిరప్పులనూ ఈ నిద్రమాత్రలనూ కలపడం అంతే ప్రమాదం. అమెరికా మందుల నియంత్రణ సంస్థ 2016లో ఈ రెండు జాతుల మీదా తన దగ్గరున్న అతి తీవ్రమైన హెచ్చరికను, అంటే మందు కాగితం మీద గడి కట్టి వేసే హెచ్చరికను, తప్పనిసరి చేసింది. అదే సంస్థ 2020 మార్చిలో మాంటెలుకాస్ట్ మీద కూడా అలాంటి హెచ్చరికే పెట్టింది. మన పిల్లలకు తుమ్ములకూ, ఆయాసానికీ రాత్రిపూట అలర్జీ మందు లెవోసెట్రిజిన్‌తో కలిపి విరివిగా రాసే మాత్ర అది. అందరికీ కాదు గానీ కొందరికి పీడకలలు, చిరాకు, ఆందోళన, దిగులు, చచ్చిపోవాలన్న ఆలోచన దాకా రావచ్చు. ఆ మాత్ర మొదలుపెట్టాక పిల్లల తీరు మారితే డాక్టరుకు చెప్పండి. పరీక్ష భయమని సర్దుకుని ఇంకో మాత్ర కలపకండి. ఆయాసం ఎక్కువైనప్పుడు కొన్నాళ్లు వాడే ప్రెడ్నిసలోన్ లాంటి స్టెరాయిడ్ మాత్రలు కూడా నిద్ర చెడగొట్టి మనసును కుదురుగా ఉండనివ్వవు.

ఇదంతా చదివి ఎవరూ తమ మాత్రలు చెత్తబుట్టలో వేయకూడదు. నెలల తరబడి వాడిన క్లోనజెపామ్, అల్ప్రాజోలం ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ రావచ్చు, మెల్లగా తగ్గించుకుంటూ రావాలి. గుండెజబ్బుకు వాడే ప్రొప్రానలాల్‌ను కూడా హఠాత్తుగా ఆపకూడదు. ఉబ్బసం ఉన్నవాళ్లకు ఆందోళన రావడం చాలా మామూలు. ఊపిరి ఆడదేమోనన్న భయంతో బతికే మనిషికి భయం జబ్బు కాకుండా ఎలా ఉంటుంది? వాళ్లకు వైద్యం అందాలి. ఎస్సిటలోప్రామ్, సెర్ట్రలిన్ లాంటివి మామూలు మోతాదులో, ఇన్‌హేలర్లు వాడుతున్న చాలామందికి ఇబ్బంది లేకుండానే సరిపోతాయి. మాత్ర లేకుండా మాటలతో చేసే వైద్యం కూడా ఉంది. మా అమ్మాయికి ఇప్పుడు అదే నడుస్తోంది. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు కట్టనక్కర్లేదు. ఇది ఆయాసమా, భయమా అని తేల్చుకోలేనివాళ్లు పీక్ ఫ్లో మీటర్ అనే చిన్న గొట్టం కొనుక్కోవచ్చు. బాగున్నప్పుడు ఊదితే వచ్చే అంకె రాసుకుని ఉంచుకోవాలి. భయమే అయితే ఆ అంకె పెద్దగా పడిపోదు. సగానికి దిగువకు పడిపోయిందంటే ఆయాసమే, అదీ ఆసుపత్రికి పరుగెత్తవలసినంత ఆయాసం.

ఇక అధికారులకు నా విన్నపం. 2015లో వచ్చిన ఫార్మసీ ప్రాక్టీస్ నిబంధనల ప్రకారం మందు ఇచ్చేటప్పుడు రోగికి దాని గురించి వివరించడం ఫార్మసిస్టు విధి. మందుకూ మందుకూ పడకపోవడం కూడా ఆ వివరించవలసిన వాటిలోదే. మన ఊళ్లలో సర్టిఫికెట్ గోడకు వేలాడుతుంది, కౌంటర్లో ఇంకెవరో కుర్రాడు నిలబడతాడు. పాపం వాడికి బ్రాండు పేరు, రేటు తప్ప ఏం తెలుసు? అల్ప్రాజోలం, డయాజెపామ్ లాంటివి 2014 మార్చి నుంచి, చీటీ మీదే అమ్మి లెక్క రాయవలసిన మందుల హెచ్-1 జాబితాలో ఉన్నాయి. వాటిని ఎవరికి అమ్మారో రిజిస్టరులో రాసి మూడేళ్లు దాచాలి. ఆ రిజిస్టరులో పేరు రాసుకునే అర నిమిషంలోనే "ఆయాసం ఉందా?" అని అడగవచ్చు కదా. ఔషధ తనిఖీ అధికారులు షాపుకు వచ్చినప్పుడు రిజిస్టరుతో పాటు ఆ ప్రశ్న అడుగుతున్నారో లేదో కూడా చూడాలి. ప్రొప్రానలాల్ ఉన్న ప్రతి మాత్ర షీటు మీద, చింపినా పోకుండా ప్రతి మాత్ర వెనకా, 'ఉబ్బసం ఉన్నవారు వాడరాదు' అని తెలుగులో ఉండాలి. బ్రాండు పేరుకు రెండు రంగులు వాడగలిగినవాళ్లకు ఆ మూడు మాటలకు చోటు దొరకదంటే నేను నమ్మను.

డాక్టర్లకు చెప్పేంత దాన్ని కాదు. అయినా ఓపీ చీటీ మీద వయసు, బరువు, బీపీ రాసే చోటు పక్కనే 'ఆయాసం/పంపు' అని ఒక గడి అచ్చు వేయిస్తే, నర్సమ్మ అడిగి టిక్కు పెడుతుంది. మానసిక వైద్యుల దగ్గరా, ఛాతీ డాక్టర్ల దగ్గరా రెండు చోట్లా వైద్యం చేయించుకునేవాళ్లు ఒకరి చీటీ ఇంకొకరికి చూపించాలి. మానసిక వైద్యుడి దగ్గరికి వెళ్తున్నామని చెప్పుకోవడానికి సిగ్గుపడి ఆ చీటీ బీరువాలో దాచేవాళ్లు మన దగ్గర ఎక్కువ. దాచకండమ్మా. మీ ఊపిరితిత్తులు చూసే డాక్టరుకు అది తెలియాలి.

మందు వల్ల హాని జరిగితే ఎవరైనా ఫిర్యాదు చేయవచ్చన్న సంగతి కూడా జనానికి తెలియదు. ఘజియాబాద్‌లోని ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ నడిపే విభాగం ఒకటుంది, 2010 నుంచి పనిచేస్తోంది. 1800-180-3024 నంబరుకు ఫోన్ చేసి మామూలు మనుషులు కూడా చెప్పవచ్చు, డాక్టరే చెప్పాలన్న నియమం లేదు. ఎవరినీ శిక్షించడానికి కాదు అది. ఏ మందుతో ఎవరికి ఏమవుతోందో ఒకచోట చేరితేనే హెచ్చరికలు పుడతాయి. మా అమ్మాయి సంగతి నేను చెప్పాను. షీటు మీదున్న పేరు, బ్యాచ్ నంబరు, వేసుకున్న మోతాదు, పంపు వివరాలు అన్నీ ఓపిగ్గా రాసుకున్నారు.

మీ పత్రికలో పరీక్షల నెలల్లో విద్యార్థులకు సలహాలు వేస్తారు. మే మొదటి మంగళవారం ప్రపంచ ఆస్తమా దినానికి వ్యాసం వేస్తారు. మృగశిర కార్తె వస్తే నాంపల్లి మైదానంలో చేప ప్రసాదం వరుసల ఫొటో మొదటి పేజీలో వేస్తారు. ఈ మూడు సందర్భాల్లోనూ, ప్రొప్రానలాల్ ఉబ్బసం ఉన్నవాళ్లు వేసుకోకూడదనీ, ఆయాసం వచ్చినప్పుడు నిద్రమాత్ర ఇవ్వకూడదనీ పక్కన ఒక చిన్న గడి కట్టి వేయమని వేడుకుంటున్నాను. నా ఉత్తరం మొత్తం వేయడానికి చోటు చాలకపోతే మిగతాదంతా తీసేసి ఆ రెండు వాక్యాలే వేయండి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ఫార్మసిస్టు, గుంటూరు